నాన్న కట్టిన వేషం, నేను తీసిన సినిమా

మా నాన్న రిటైరయ్యేదాకా స్టీల్ ప్లాంటులో, రోలింగ్ మిల్లులో పనిచేశాడు. భిలాయి తెలుగువాళ్ళలో ఆ సంగతి ఎవరికీ పట్టదు. వాళ్ళకు గుర్తున్నది ఆయన కట్టిన ఆడవేషాలు. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ప్లాంటు ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు సెక్టర్ 7లో ఒక హాలు కట్టుకుని, ఏటా ఉగాదికి నాటకం ఆడేవారు. అప్పట్లో ఇంటి ఆడవాళ్ళను స్టేజీ ఎక్కనిచ్చేవారు కాదు. అందుకని నాయిక వేషం మా నాన్నది. పైట సర్దుకుంటూ తెర పక్కనుంచి ఆయన ఒక్క అడుగు వేస్తే చాలు, హాలంతా ఈలలు. మర్నాడు పొద్దున్న షిఫ్టుకి వెళ్తే, ఎంత కొబ్బరినూనె పెట్టి తుడుచుకున్నా కళ్ళ కింద కాటుక మిగిలిపోయేదట. మిల్లులో హిందీవాళ్ళు "భాభీజీ నమస్తే" అని దండాలు పెడితే, నాన్న లేని కొంగు నెత్తిమీదకి లాక్కుని తిరిగి దండం పెట్టేవాడట.

ఇప్పుడు మేం ఉంటున్న రిసాలి ఇంట్లో కూడా ముందుగదిలో ఆ ఫోటో ఉంది. జరీచీర, పూలజడ, ముక్కుపుడక, ఓరచూపు. కొత్తగా వచ్చినవాళ్ళు "ఈవిడెవరండీ?" అని అడిగితే అమ్మ తడుముకోకుండా "నా సవితి" అంటుంది. అందరూ నవ్వుతారు, నాన్న కూడా నవ్వుతాడు.

అలాంటి ఇంట్లో పుట్టి, చీర ముట్టుకోవడానికి నేను భయపడి చచ్చాను. ఎందుకంటే నేను ఆడపిల్లని. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు, బారసాలలో మగపేరు పెట్టారు, ఈ కాలనీకంతటికీ నేను ఫలానావారి అబ్బాయిని. కానీ ఊహ తెలిసినప్పటినుంచీ నాకు తెలుసు. ఎలా తెలుసు అని అడిగేవాళ్ళంటే ఒళ్ళు మంట నాకు. మీ సంగతి మీకెలా తెలిసిందో నా సంగతి నాకూ అలాగే తెలిసింది. గోడమీద చీర కట్టుకున్న నాన్న బొమ్మ కింద కూర్చుని అన్నం తింటూ, బీరువాలో అమ్మ చీర మడత కాస్త మారిందని ఎవరైనా కనిపెడతారేమోనని గుటక పడక కూర్చునేదాన్ని. నాన్న చీరకి అంత మర్యాద ఎందుకో నాకు చిన్నప్పుడే అర్థమైంది. తెర పడగానే ఆయన విప్పేసేవాడు. ఆ విప్పేయడంలోనే ఉంది మర్యాదంతా.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. పక్కనే ఉన్న దుర్గ్‌లో ఒక స్టూడియోలో పని. ఆ పనిలో పడ్డాకనే చిన్న సినిమాలు చూడటం మొదలుపెట్టాను. పావుగంట, ఇరవై నిమిషాల సినిమాలు, నాలాంటివాళ్ళ గురించి నాలాంటివాళ్ళే తీసినవి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ వెలుతురు తగ్గించి, దొంగసొమ్ము లెక్కపెట్టుకుంటున్నట్టు చూసేదాన్ని. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత్తర్వాత కోపం వచ్చేది. అన్నీ పెద్ద ఊళ్ళే, పెద్ద కిటికీల ఫ్లాట్లే. వాటిల్లో ఎవరింట్లోనూ కూలరు గోల పెట్టదు. ఎవరి అమ్మా "ఏటి సేస్తన్నావు?" అని వంటింట్లోంచి కేకెయ్యదు. పైగా సగం సినిమాల్లో ఆ అమ్మాయి చివరికి చచ్చిపోతుంది, లేకపోతే సంచీ సర్దుకుని ఊరొదిలి పోతుంది. చూసిన ప్రతిసారీ నా జాతకం ఎవరో చదివినట్టుండేది, భయమేసేది. పోకుండా, చావకుండా ఇంట్లోనే ఉండే మనిషి సినిమా ఒక్కటైనా ఉండకూడదా అనిపించింది. లేదు కనుక నేనే తీశాను.

పెద్ద కథేం కాదు. అమ్మానాన్నలు పెళ్ళికి వెళ్తారు. ఇంట్లో ఒక్కతే ఉన్న మనిషి అమ్మ చీర కట్టుకుంటుంది, బొట్టు పెట్టుకుంటుంది, టీ పెట్టుకుని తాగుతుంది, బియ్యంలో రాళ్ళు ఏరుతుంది, కూలర్లో నీళ్ళు పోస్తుంది. మధ్యాహ్నమంతా అంతే. చివర్లో గడియారం చూసి, "అమ్మావాళ్ళు వచ్చే వేళయింది, ఇంక వేషం కట్టాలి" అంటుంది. చీర విప్పి, మడిచి బీరువాలో పెట్టి, ప్యాంటూ చొక్కా తొడుక్కుని, బొట్టు తుడుచుకుని, గొంతు మార్చి తలుపు తీస్తుంది. ఆ మనిషిని నేనే. కెమెరా బల్లమీద పెట్టి, అమ్మావాళ్ళు నిజంగా పెళ్ళికి వెళ్ళిన రోజునే తీశాను. కాబట్టి చివర్లో నా ముఖంలో కనిపించే కంగారు నటన కాదు.

రాయపూర్‌లో ఇలాంటి సినిమాలు వేసేవాళ్ళు కొందరున్నారు. ఒక చిన్న గదిలో, చాపలమీద కూర్చుని చూసే ప్రదర్శన. నా సినిమా తీసుకున్నారు, ఒక పోస్టరు కూడా చేశారు. అద్దం ముందు బొట్టు పెట్టుకుంటున్న నేను, కింద నా ఊరు పేరు. ఎవరి ద్వారా వెళ్ళిందో ఇప్పటికీ తెలీదు, ఆ పోస్టరు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడింది. స్టూడియోలో పనిలో ఉండగా మా తెలుగు సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు. నాన్నతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు, ఒకే నాటకాల్లో వేసినవాడు. ఫోన్‌మీద ఆయన పేరు చూడగానే స్టూడియో బయటికి పరిగెత్తి ఎత్తాను.

"అరె బేటా, ఏటిది, చెప్పనైనా చెప్పలేదు!" అన్నాడు. "అచ్చం మీ నాన్నే! ఆ చూపు, ఆ బొట్టు పెట్టుకోడం, బిల్కుల్ సేమ్! నాన్న వారసత్వం నిలబెట్టీసావు. ఈ ఉగాదికి మీ నాన్నకి సన్మానం ఎలాగూ అనుకుంటన్నాం. ముందు నీ సినిమా వేసీద్దాం, తరవాత ఆయనకి శాలువా కప్పీద్దాం. ప్రోగ్రాం ఫిక్స్!"

నేను "అంకుల్, అది..." అన్నాను. అంతే. ఆయన అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

మీరు ఇంకెక్కడివాళ్ళైనా అయితే ఈ పొరపాటు పడరు. ఆ పోస్టరు చూసి తిట్టేవాళ్ళు తిడతారు, మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకుంటారు. మా హాలువాళ్ళకి మాత్రం, చీర కట్టిన మగవాడంటే మా నాన్న. గొప్ప నటుడు. వాళ్ళ కళ్ళకి నేను కొడుకు రూపంలో మళ్ళీ వచ్చిన ఆ నాయికని. సంతోషంగా, ప్రేమగా, నన్ను తీసుకెళ్ళి మూడువందలమంది ముందు నిలబెట్టబోతున్నారు.

ఇంటికెళ్ళేసరికి నాన్నకి కబురు అందిపోయింది. నేనెప్పుడూ ఆయన్ని అంత ఉషారుగా చూడలేదు. పాత నాటకాలవాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేస్తున్నాడు. "మావోడు కూడా కట్టీసాడురా వేషం! సినిమాలో! మీరు తప్పకుండా రావాల!" నన్ను చూసి "నాకు చెప్పకుండా దాచీసావేటిరా?" అని వీపుమీద చరిచాడు. ఆయన సంతోషం చూస్తే జాలి, ఆ సంతోషం విరిగే ఘడియ తలుచుకుంటే వణుకు. హాల్లో అందరిమధ్యా తెలియడం కంటే ముందు నా దగ్గర తెలియడం నయమనుకున్నాను. అలా అనుకుని కూడా చాలా రోజులు నోరెత్తలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఫోను నాన్న చేతిలో పెట్టాను. "సినిమా చూడు నాన్నా" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, పారిపోవలసివస్తే వీలుగా. అమ్మ అంట్లు పక్కన పెట్టి వచ్చి ఆయన భుజం మీదుగా చూడసాగింది.

మొదట్లో ఆయన నటుడిలాగే చూశాడు. "కుచ్చిళ్ళు అలాగ కాదురా, ఇంకా కిందకి రావాల. నన్నడిగితే నేర్పీవోణ్ణి కదా." "నడక బాగున్నాది. ఎక్కడా ఎక్కువ చెయ్యలేదు. మేమైతే నడుం తెగ తిప్పీవోళ్ళం." అమ్మ మాత్రం "ఆ చీర నాదే" అని ఊరుకుంది. బియ్యం ఏరుతున్నచోట ఆయన మాటలు తగ్గాయి. "డైలాగ్ లేదేటి?" అన్నాడొకసారి. కాసేపటికి డైలాగ్ వచ్చింది. తరవాత చొక్కా గుండీలు పెట్టుకోవడం, బొట్టు తుడుచుకోవడం. సినిమా అయిపోయి తెర నల్లబడినా ఆయన ఫోన్ అలాగే పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేదనిపించింది.

అమ్మే ముందు తేరుకుంది. "ఏటిరా ఇది? ఇదంతా ఉత్తుత్తి కతేనా?" అని అడిగింది. కాదని తల ఊపాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు వినిపించింది కానీ గిన్నెల చప్పుడు వినిపించలేదు.

నాన్న నావైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు. "మాతోపాటు ఒకడుండీవోడు. చెలికత్తె వేషాలు కట్టీవోడు. నాటకం అయిపోనా వాడు జడ తీసీవోడు కాదు. ఇంకాసేపు ఉంచుకుంతానురా అనీవోడు. మొదట్లో సరదాగానే ఉండీది. తరవాత వాడి క్వార్టరు కిటికీ కాడికెళ్ళి చప్పట్లు కొట్టీవోళ్ళు. తెలుసు కదా, హిజ్రావోళ్ళు కొడతారే, ఆ చప్పట్లు. మిల్లులో కూడా కొట్టీవోళ్ళు. ఒకనాడు ఉజ్జోగం ఒగ్గీసి దుర్గ్‌లో రైలెక్కీసాడు. ఎక్కడికెళ్ళాడో ఎవులూ అడగలేదు."

"నువ్వు కూడా కొట్టావా నాన్నా?"

"చప్పట్లు కొట్టలేదు. నవ్వీసాను. అందరూ నవ్వుతుంటే ఏటి సేస్తాం?" అన్నాడు. ఫోన్ నా చేతికి తిరిగిచ్చి, "నాకు కోపం రాట్లేదురా. భయమేస్తంది. హాల్లో వద్దు. సెక్రటరీకి చెప్పీ" అన్నాడు.

సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణం హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. వద్దన్నది నాన్న, నేను కాదు. పిరికివాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

కానీ చెప్పడం ఎలా? సెక్రటరీకి ఏ కారణం చెప్పాలి? సినిమా పోయిందంటే ఇంకొకరి దగ్గర లింకు తెప్పించుకుంటాడు. బాగులేదంటే "మనోళ్ళ ముందు మొహమాటమేటిరా" అంటాడు. నిజం చెబితే సినిమా వెయ్యకముందే వేసినట్టు. మర్నాడు నాన్న "చెప్పీసావా?" అని అడిగాడు. "నీ స్నేహితుడు కదా, నువ్వే చెప్పు నాన్నా" అన్నాను. ఆయన ఫోన్ తీసి, నంబరు నొక్కి, అవతల హలో అనగానే వాళ్ళ మనవరాలి పరీక్షల గురించి అడిగి పెట్టేశాడు. పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు మా ఇంట్లో లేరు. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు తప్పించుకుని తిరిగాం. అలా తిరుగుతుండగానే ఆహ్వానపత్రికలు వచ్చేశాయి. అందులో నాన్న ఫోటో పక్కన నా పోస్టరు వేశారు. ఒకే ఓరచూపు అని కింద రాయలేదు గానీ, రాసినంత పనీ చేశారు.

ఇంక సెక్రటరీ పెన్‌డ్రైవ్ అడిగాడు. అప్పుడు నాకు మంచి ఉపాయమే తట్టింది. చివరి రెండు నిమిషాలు తీసేస్తే చాలు. ఆ ఒక్క మాటా లేకపోతే, చొక్కా గుండీలు లేకపోతే, అది చీర కట్టిన కుర్రాడి సరదా సినిమా. హాలు నవ్వుతుంది, నాన్నకి శాలువా కప్పుతారు, అందరం లడ్డూలు తిని ఇంటికొస్తాం. కోయడం నా వృత్తే. పెళ్ళిళ్ళలో ఏడ్చిన మేనత్తల్నీ తాగిన బావమరుదుల్నీ రోజూ కోసి అవతల పారేస్తుంటాను. స్టూడియోలో అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు కోసి చూశాను. బాగా వచ్చింది. ఎక్కడా అతుకు తెలియలేదు. మొదటినుంచీ వేసి చూసుకున్నాను. తెరమీద మా నాన్న కనిపించాడు. ఆ చీరలో నేనెక్కడా లేను. ఒక మగవాడు ఆడవేషం కట్టి తిరుగుతున్నాడు, అంతే. భయంతో పాటు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది, ఎవరిమీదో చెప్పలేను. సేవ్ చెయ్యకుండా మూసేశాను. పెన్‌డ్రైవ్‌లో మొత్తం ఎక్కించి ఇచ్చేశాను.

"మొత్తం ఇచ్చీసావా?" అని అడిగాడు నాన్న ఆ సాయంత్రం.

"మొత్తం ఇచ్చాను."

ఆయన సన్మానానికి కట్టుకోవాల్సిన పంచె ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోయాడు.

ఉగాది సభ ఎప్పటిలాగే ఆలస్యంగా మొదలైంది. పంచాంగం చదివారు, పిల్లలు డ్యాన్సులు చేశారు, తెలుగు సరిగ్గా రాని పిల్లలు హిందీ యాసలో పద్యాలు అప్పజెప్పారు. నాన్న ముందు వరసలో, సన్మానం కుర్చీలో. అమ్మ ఆడవాళ్ళ వైపు. నేను వెనక కూలరు పక్కన నిలబడ్డాను. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. నా రాశికి ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో చదివారు గానీ నాకొక్క అంకె కూడా ఎక్కలేదు.

లైట్లు ఆర్పారు. తెరమీద నేను కనిపించగానే ఈలలు వేశారు. "అచ్చం నాన్నే!" అని ఎవరో అరిచారు, చప్పట్లు మోగాయి. నిజమైన చప్పట్లు, ప్రేమవే. టీ తాగుతుంటే నవ్వారు, బియ్యం ఏరుతుంటే ఇంకా నవ్వారు. ఆ నవ్వుల్లో ఏ విషమూ లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. మరికాసేపట్లో ఆ ప్రేమంతా ఏమవుతుందో నాకు తెలుసు, వాళ్ళకి తెలీదు.

"అమ్మావాళ్ళు వచ్చే వేళయింది, ఇంక వేషం కట్టాలి."

ముందు కొందరు నవ్వారు. తరవాత నవ్వు అక్కడక్కడా ఆగిపోయింది. తెరమీద చీర మడతపెడుతున్నాను. ఆడవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ఎవరో "అంటే ఏటి, నిజమేనేటి?" అన్నారు. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా మధ్య వరసల్లోంచి ఆ చప్పట్లు వినిపించాయి. అరచేతులు అడ్డంగా పెట్టి, వేళ్ళు విప్పి కొట్టేవి. ఒకటి, దాని వెనకే ఇంకొకటి. ఒక వరసంతా ఘొల్లున నవ్వింది. పక్క వరస అందుకుంది.

అప్పుడు నాన్న లేచాడు. నా ప్రాణం పోయింది. ముందు వరసకి పక్కనే తలుపు ఉంది. ఆ తలుపులోంచి ఆయన వెళ్ళిపోతే నాకు ఇంక ఇల్లు లేదు. సంచీ సర్దుకోవడం దాకా ఆలోచన వెళ్ళిపోయింది. సినిమాల్లో చూసినవన్నీ నాకే జరగబోతున్నాయనుకున్నాను.

ఆయన తలుపు వైపు వెళ్ళలేదు. తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిప్పాడు. కుర్చీ కాళ్ళు గచ్చుమీద కీచుమన్నాయి. తెరకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా కూర్చున్నాడు. చప్పట్లు వచ్చిన వరస వైపు చూస్తూ కూర్చున్నాడంతే. తనతో నాటకాలాడినవాళ్ళు ఆ వరసలోనే ఉన్నారు. ముందుగా వాళ్ళలో ఒకడు తల దించుకున్నాడు. నవ్వు పల్చబడింది. ఆగిపోలేదు, పల్చబడింది. ఆయన వెనక తెరమీద నేను బొట్టు తుడుచుకుంటున్నాను, గొంతు మార్చి "వస్తన్నా" అని తలుపు తియ్యడానికి వెళ్తున్నాను. ఆ వెలుతురులో నాన్న చేతులు హాలు వెనకనున్న నాకు కూడా కనిపించాయి. రెండు చేతులూ కుర్చీ అంచుల్ని బిగించి పట్టుకున్నాయి. స్టేజీమీద అన్నేళ్ళు ఆడినవాడు, జనాన్ని చూసి భయపడటం నేనెప్పుడూ ఎరగను. అంత భయపడుతూ కూడా, సినిమా అయిపోయేదాకా ఆయన ఆ కుర్చీలోంచి లేవలేదు.